కుట్టు లేని ఆపరేషన్

2004 జూన్‌లో నన్ను నిజామాబాద్‌కు బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్, పని ఎముకల విభాగం చూడటం. అప్పటికి నాది ఇరవై రెండేళ్ళ సర్వీసు. పుట్టుకతోనే లోపలికి తిరిగిన పాదాలను అంతవరకు పెద్ద కోతతోనే సరిచేసేవాణ్ణి. మడమ చుట్టూ కోసి, బిగుసుకున్నవన్నీ వదులు చేసి, వరసగా కుట్లు వేసేవాణ్ణి. పాదం నేరుగానే వచ్చేది కానీ పిల్లలు పెద్దయ్యే కొద్దీ కొయ్యలా బిగుసుకుపోయేది. ఆ సంగతి తెలిసీ వేరే దారి లేక అదే చేశాను.

ఆ ఏడాదే హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్ళి కొత్త పద్ధతి నేర్చుకున్నాను. పసిపిల్ల పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ వారానికొక పిండికట్టు వేయాలి. అయిదారు కట్లకు పాదం దారికొస్తుంది, మడమ మాత్రం పైకే ఉండిపోతుంది. అప్పుడు మడమ వెనక బిగుసుకున్న నరాన్ని, మేం టెండన్ అంటాం, బియ్యపుగింజంత రంధ్రం చేసి సన్నని బ్లేడుతో తెంపాలి. మత్తు అక్కడికే ఇస్తాం. కుట్టు అక్కర్లేదు. మూడు వారాలు చివరి కట్టు ఉంచితే తెగిన నరం పొడవుగా అతుక్కుంటుంది. కట్టు ముందే ఊడితే మడమ మళ్ళీ పైకి పోతుంది.

నా మొదటి కేసు కోటగిరి నుంచి వచ్చింది. తల్లి గంగామణి బీడీలు చేసేది, తండ్రి బోధన్ వైపు చెరకు నరికే పనికి పోయేవాడు. నెలన్నర పాపకు ఎడమ పాదం పూర్తిగా లోపలికి తిరిగి ఉంది. అలాగే వదిలేస్తే ఆ పిల్ల జన్మంతా పాదం అంచు మీద నడవాలి. వెంట గంగామణి అత్త సాయవ్వ వచ్చేది. వాడకట్టులో ఏ ఇంట కాన్పయినా పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోసేది ఆమేనట. బోధన్‌లో బస్సు మారి ఆరు సోమవారాలు తప్పకుండా వచ్చారు. ఏడో సోమవారం ఆపరేషన్ అని ముందే చెప్పి ఉంచాను, ఆ రోజు నరం తెంపాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కట్టు వేసి బయటికొచ్చి, అయిపోయింది, మూడు వారాలకు రమ్మని చెప్పి వెళ్ళిపోయాను. ఆ పూట నా మీద నాకే ముచ్చటేసింది.

శుక్రవారం ఓపీలో సాయవ్వ ప్రత్యక్షమైంది. పాప ఒళ్ళో ఉంది, కాలికి కట్టు లేదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి తనే తీసేసిందట. నేను నోరు తెరవకముందే ఆమే అందుకుంది.

"ఇన్ని వారాల సంది తిరుగుతున్నం సారూ. కొయ్యలే, కుట్టలే. పట్టి ఇప్పి సూస్తే దోమ కుట్టినంత సుక్క. గరీబోళ్ళమని ఉత్తగనే పంపిండ్రా? ఆపరేషన్ ఎప్పుడు జేస్తరో గది జెప్పుండ్రి."

పిల్లను కుంటిదాన్ని చేద్దామనుకున్నావా అని నిండు ఓపీలో కేకలేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సాయవ్వ ముఖం పాలిపోయింది, గంగామణి ఏడుపు మొదలుపెట్టింది. మా సీనియర్ సిస్టర్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది: "ఈ దిక్కు ఆపరేషన్ అంటే ఎన్ని కుట్లు పడ్డయని అడుగుతరు సార్. ఏం చేసినమో మనం వాళ్ళకు చెప్పలే." మనం అనడం ఆమె మర్యాద. చెప్పనిది నేను. తప్పు నా దగ్గర పెట్టుకుని ముసలామె మీద ఎగిరాను.

పాదం చూశాను. మడమ కాస్త పైకి జరిగింది కానీ నాలుగు రోజులే కాబట్టి నరం ఇంకా గట్టిపడలేదు. వెంటనే కట్టు వేస్తే దక్కుతుంది. ముందు సాయవ్వ వేలిని పాప మడమ వెనక పెట్టించి, తెగిన చోట పడ్డ పల్లాన్ని తాకించాను. ఆమె చాలాసేపు వేలు తీయలేదు.

"మునుపు గీడ తాడు లెక్క ఉండె. తెగింది," అన్నది.

కట్టు వేసేటప్పుడు ఒకరు మోకాలిని, కాలి వేళ్ళను కదలకుండా పట్టుకోవాలి. ఆ పని ఆమెకే ఇచ్చాను. గుక్కపట్టి ఏడుస్తున్న పాప ఆ చేతుల్లో రెండు నిమిషాల్లో సర్దుకుంది. అంత నిలకడగా పట్టిన అసిస్టెంటు నాకు సర్వీసులో మరొకరు లేరు.

మూడు వారాల తర్వాత కట్టు విప్పితే మడమ కిందికి దిగి ఉంది. ఆ పైన పాదం మళ్ళీ తిరగకుండా కడ్డీతో జతచేసిన బూట్లు వేయాలి; మొదటి మూడు నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్ళదాకా రాత్రిళ్ళు మానకూడదు. అదీ సాయవ్వే చూసుకుంది. పాప ఏడాది దాటాక మా ఓపీ గదిలోకి అరికాలు మోపుకుంటూ నడిచొచ్చింది. అంత సంతోషం నాకు ఏ ప్రమోషన్‌కూ కలగలేదు.

ఆ తర్వాత సాయవ్వ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇలాంటి పిల్లల్ని తీసుకొచ్చేది. ఒకసారి వరండాలో ఎవరో తల్లితో అంటుంటే విన్నాను: "కుట్లు లెక్కవెట్టకు బిడ్డా. మడిమె కిందికొచ్చిందా లేదా గది సూడు."

కోత చిన్నదయ్యే కొద్దీ డాక్టరు చెప్పాల్సింది పెరుగుతుందని ఆమె వల్ల తెలిసింది. నరం తెంపడం హైదరాబాద్‌లో నేర్పారు, ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆమె కట్టు విప్పుకుని, కోపంతో నా దగ్గరికే రావడం నా అదృష్టం. రాకుండా ఇంట్లోనే ఉండిపోయి ఉంటే నా పద్ధతి గొప్పదనే అనుకునేవాణ్ణి, ఆ పిల్ల కుంటేది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, బ్లేడు పట్టే ముందు ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అడిగి, వాళ్ళను లోపలికి పిలిచేవాణ్ణి.