మాఫీ అడిగినందుకు

ఆ అరబ్బు దేశంలో మా పాత కంపెనీ నేను పారిపోయానని ఫిర్యాదు ఇచ్చింది. నేను పారిపోయిందల్లా ముఐథర్ క్యాంప్ నుంచి ముషైరిబ్‌లో కొత్త పనికి, అదీ పట్టపగలు బస్సెక్కి. అయినా పోలీసులు పట్టుకెళ్లి లోపల వేశారు. అక్కడి గార్డు ఉర్దూ మాట్లాడేవాడే. ఒకరోజు "చెయ్యి తియ్యి" అనైనా అనకుండా ఇనుప తలుపు ధడేలున వేశాడు. నా కుడిచేతి వేళ్లు అందులోనే ఉన్నాయి. నేను షట్టరింగ్ కార్పెంటర్ని, ఆ వేళ్లే నా బతుకు. కెవ్వుమన్నాను. వాడు నవ్వాడు.

కట్టు కట్టించారు, కాదనను. ఆ నవ్వే నన్ను కాల్చుకు తింది.

నా పక్కన పడుకునే జగిత్యాల తమ్ముడు, "ఊకుంటవా అన్నా? కేసు పెట్టు. వాడు ముందటికొచ్చి తప్పయిందనాలె" అన్నాడు. నాకు కావాల్సిందీ అదే. ఇంకేదీ వద్దు.

ఫిర్యాదు ఇస్తే పెద్దాఫీసర్ పిలిపించాడు. గార్డు గోడవార నిలబడ్డాడు. అరబ్బీ వచ్చా అని అడిగితే, వచ్చని గొప్పగా తలూపాను. ఇంకేం, దుబాసీ అవసరం తప్పింది.

"అతను డ్యూటీలో ఉన్నాడు. చెయ్యి ఉండగా తలుపు వెయ్యొద్దని రూల్ ఉందా? ఇంతకుముందు ఇలాంటి కేసు వచ్చిందా?" అన్నాడు ఆఫీసర్.

"లేదు సార్, నాదే మొదటిది."

"మరి అది తప్పని అతనికెలా తెలుస్తుంది?"

ఓరి దేవుడా! నాకంటే ముందు ఇంకొకడి వేళ్లు నలిగి ఉండాల్సింది. తొందరపడి మొదటివాణ్ణయ్యాను, నాదే బుద్ధి తక్కువ. పోనీ, నా తర్వాత వచ్చేవాడైనా అదృష్టవంతుడా అంటే అదీ లేదు. నా కేసు నడిస్తే కదా వాడికి పనికొచ్చేది!

ఆఫీసర్ మర్యాదస్తుడే. పెన్ను తీసి, "సరే, నీకేం కావాలి?" అని అడిగాడు. క్షమాపణను అరబ్బీలో ఏమంటారో నాకు తెలీదు. సైట్‌లో ఏ ఫోర్‌మన్‌కూ ఆ మాటతో అవసరం పడలేదు, ఇక నేనెక్కడ నేర్చుకుంటాను? ఇంటి మాట నోట్లోంచి ఊడిపడింది.

"మాఫీ."

మనకది క్షమాపణ. అక్కడ 'ఏమీ లేదు' అని. నీళ్లు మాఫీ, లిఫ్టు మాఫీ అని రోజంతా వాగేవాణ్ణి నేనే. ఆ క్షణాన గుర్తొస్తేనా!

ఆఫీసర్ ముఖం వెలిగిపోయింది. ఏమీ అక్కర్లేదట అని రాసుకుని, నా భుజం తట్టి, "ఖలాస్" అన్నాడు. నేను "లా, లా", కాదు కాదు అంటూనే ఉన్నాను. ఫైలు మూసేశాడు.

ఆ గదిలో నేనన్నది అర్థమైనవాడు ఒక్కడున్నాడు, ఆ గార్డు. వాడి ఉర్దూలోనూ మాఫీ అంటే క్షమాపణే. నా కళ్లలోకి చూశాడు. తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు.