పిట్టలు రాల్చిన వెదురు బియ్యం

మా చిన్నప్పుడు... చర్ల దాటాక మా ఊరి అడవిలో వెదురు పూసింది. వెదురు ఎన్నో ఏళ్లకు ఒక్కసారి పూస్తుంది. గింజ పట్టాక ఎండిపోతుంది. ఆ ఏడు వానలు లేక మా చెలకా ఎండింది. ఇంట్లో గింజ లేదు.

అమ్మ వెదురు పొద కింద నేల ఊడ్చి, పేడతో అలికేది. పైన జీనువాయి పిట్టలు... పిడికిట్లో పట్టేంత, రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు, పొట్టి లావు ముక్కు. గుంపుగా వాలి తినేవి. తినేది కొంత, రాల్చేది కొంత. ఆ రాలిన గింజను అమ్మ చాటలోకి ఎత్తేది. అదే ఆ పూటకు మా గంజి.

చేలో అయితే వడిసెల తిప్పి పిట్టల్ని తోలేవాణ్ణి. ఇక్కడ దగ్గు కూడా రాకూడదు.

"కదలకు బిడ్డా... వాటిని తిననియ్యి," అనేది అమ్మ, చెవిలో.

నాకూ వాటిని చూడటం ఇష్టమే. అవి గింజలు ఒలుస్తుంటే పొట్టు సన్నగా మా తలల మీద పడేది...

కానీ బడిలో పెద్ద రైతు కొడుకు నన్ను "పిట్టల ఎంగిలోడా" అని పిలిచేవాడు.

ఒకరోజు వాడూ, వాళ్లమ్మా ఎడ్లబండి మీద ఆ దారినే వచ్చారు. నేను అమ్మ వెనక నక్కాను. అమ్మ నా ముఖం చూసింది.

"ఏందే, పొద కింద ఏం జేస్తున్నవ్?" అంది వాళ్లమ్మ బండి మీంచి.

అమ్మ చాటను కాలితో పొదలోకి నెట్టి లేచింది.

"ఏం లేదమ్మా... మావోడు పిట్టల్ని కొడతనంటే తోలుకొచ్చిన!"

నవ్వుతూనే రాయి తీసి పైకి విసిరింది. "హోయ్... హోయ్!"

గుంపంతా ఒక్కసారి లేచిపోయింది.

"గట్లనా! ఒక్కటన్న పడ్డదారా?" అని వాడు నవ్వాడు. బండి వెళ్లిపోయింది.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. పిట్టలు తిరిగి రాలేదు. గింజలు చాట అడుగు కూడా కప్పలేదు.

"రేపొస్తయ్ లే," అంది అమ్మ. పిట్టల్ని ఎందుకు తోలిందో నాకు తెలుసు...

ఈమధ్య పని మీద అటు వెళ్లాను. మళ్లీ వెదురు పూసింది. కెమెరాలు పట్టుకుని కుర్రాళ్లు పొద ముందు కూర్చున్నారు.

"అన్నా, మెల్లగ... పిట్టలు లేస్తయ్," అన్నాడొకడు.

నేనూ కూర్చున్నాను. పక్కన గింజలు రాలుతుంటే చెయ్యి దానంతటదే ఏరుతోంది. అంతలోనే, ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తాను... ఈ వయసులో కూడా. నా కోసం రాయి విసరడానికి ఇప్పుడు అమ్మ లేదు.

అడవి గింజ తిని బయట చెప్పుకోనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి... నాకు ఇన్నేళ్లు పట్టింది.