గుడారంలో మిరపకాయల దిష్టి

"ఆరుబయట పడుకోవడానికి హిమాలయాల దాకా పోవాలా? మన కల్లంలో చోటు లేదా?" అని వెంకటరావమ్మ ముందే అడిగింది. అడగదూ మరి! వినుకొండ పక్క పల్లెలో, ఏటా పంట చేతికొచ్చాక మిరపకాయల రాశి పక్కనే పాక వేసుకుని కాపలా పడుకునే మనిషాయె. 2003 ఎండాకాలంలో పురుగుమందుల కంపెనీ ఒకటి, తమ మందు బాగా వాడిన రైతుల్ని భార్యలతో సహా కొండల మీది సరస్సుకు తీసుకెళ్తామంది. మొగుడు పిచ్చయ్య ఎగిరి గంతేశాడు. ఊరంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా బస్సెక్కుతుంటే వెంకటరావమ్మకు భయమే వేసింది. ఇన్ని కళ్ళు పడితే ఊరికే పోతుందా? ఆవకాయ సీసాతో పాటు రెండు గుప్పెళ్ళ ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు కూడా మూటగట్టింది.

సరస్సు ఒడ్డున గుడారాలు వేశారు. చలికి ఆమెకు జలుబు పట్టి ముక్కులు రెండూ మూసుకుపోయాయి. అదెవరికి పట్టింది? మర్నాడు పొద్దుటికి పిచ్చయ్య తలపోటని పడుకున్నాడు. టీ తాగితే టీ, నీళ్ళు తాగితే నీళ్ళు కక్కేశాడు. ఊళ్ళోవాళ్ళ కళ్ళే తగిలాయనుకుంది ఆమె.

ఊళ్ళో పురుగుమందుల కొట్టు నడిపే హయాత్ కూడా వెంట వచ్చాడు. గైడు మాటలు తెలుగులో చెప్పేది అతనే. "బావా, ఇక్కడ గాలి పలచనంట. కిందకి దిగిపోతే తగ్గుద్దంటున్నాడు" అన్నాడు.

"పోవయ్యా! నలుగురూ నవ్వరూ? నాకేం కాలా" అని పిచ్చయ్య అటు తిరిగి పడుకున్నాడు. మొండిఘటం. మీసం మీద ఉన్న శ్రద్ధ ప్రాణం మీద ఉంటే కదా!

వెంకటరావమ్మ తనకు తెలిసిన వైద్యం మొదలెట్టింది. ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు మొగుడి చుట్టూ తిప్పి, గుడారం వాకిట్లో ఉన్న టీ కుంపట్లో పోసింది. చిటపటలాడాయి. ఘాటు మాత్రం రాలేదు. ఘాటు రాలేదంటే ఎంత దిష్టి! ఇంకో గుప్పెడు పోసింది. ఊహూఁ! "అమ్మో, నా మొగుడో!" అని గొల్లుమంది.

ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని హయాత్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం తగలేశావక్కా? కళ్ళు పోతన్నాయి! అందరూ బయటికొచ్చి దగ్గి చస్తన్నారు!"

"నీకు ఘాటొస్తందా తమ్ముడూ? ఒట్టేసి చెప్పు!"

"ఘాటా? ప్రాణాలు పోతన్నాయి!"

హమ్మయ్య! దిష్టి వదిలింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వేసింది కూడా. అంతలో దగ్గుతూ పిచ్చయ్య గుడారంలోంచి బయటికొచ్చాడు. రెండడుగులు వేశాడో లేదో, తాగినవాడిలా తూలి హయాత్ మీద పడ్డాడు. అది చూసి గైడు గబగబా ఏదో అరిచాడు. హయాత్ మొహం పాలిపోయింది. "ఇప్పుడే దించాలంట అక్కా. ఆలస్యమైతే మనిషి దక్కడంట."

ఆమె నవ్వు ఎటు పోయిందో. దిష్టి వదిలినా మనిషి నిలబడటం లేదు. అంటే ఇది తన మిరపకాయలకు లొంగేది కాదు. "గుర్రాన్ని తెప్పించు తమ్ముడూ."

"నేన్రానే! పరువు..."

"నీ పరువు ఇక్కడే ఉండనీ. నువ్వు మాత్రం పద."

గుర్రమెక్కించి, జారిపోకుండా తన శాలువాతో గైడు చేత కట్టించి, మొగుడి కాలు పట్టుకుని పక్కనే నడిచింది. మలుపు మలుపుకీ పలకరించింది. మొదట్లో మూలిగాడు. తర్వాత విసుక్కున్నాడు. విసుక్కుంటుంటే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

కింది ఊరు చేరి కాసేపు నడుం వాల్చాక, పిచ్చయ్య లేచి కూర్చుని, "ఏమే, అన్నముందా?" అన్నాడు.

ముందు నాలుగు తిట్టింది. ఆ తర్వాత భోరున ఏడ్చింది. హయాత్ ఎక్కణ్ణుంచో అన్నం తెస్తే, ఆవకాయ వేసి తనే కలిపి పెట్టింది.

సగం తిన్నాక పిచ్చయ్య నీళ్ళు నమిలాడు. "అంత దూరమొచ్చి సరిగ్గా చూడనన్నా చూడలేదు. ఎట్టా ఉందే ఆ సరస్సు?"

వెంకటరావమ్మ ఆ ఒడ్డునే ఉంది కదా, నీళ్ళు నీలమో పచ్చో తెలిస్తే ఒట్టు.

"నేను చూసింది నీ మొహమేనయ్యా" అంది, ఇంకో ముద్ద కలుపుతూ.