తెరవని ఫైళ్లు

నీటి సరఫరా ఆఫీసులో ఎవరు నివేదిక పంపినా, సాయంత్రానికల్లా పెద్దసారు వాళ్ల బల్ల దగ్గరికి వస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్లతో బల్ల మీద తట్టి, "చూశానమ్మా, బాగా రాశావ్. ఆ మధ్య భాగం కొంచెం బిగిస్తే సరిపోతుంది" అంటాడు. ఏ నివేదికకైనా మధ్య భాగం ఉంటుంది కనుక ఇరవై ఏళ్లుగా ఆ మాటకు ఢోకా లేదు.

మొన్న ఫైళ్ల సాఫ్ట్‌వేర్‌లో వెతికే సదుపాయాలు కొత్తవి వచ్చాయి. గొట్టాల తనిఖీ చూసే అమ్మాయి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని నేర్పుతోంది. "తేదీని బట్టి ఫిల్టర్ చేయొచ్చు సార్, పంపినవాళ్లను బట్టి కూడా. ఇది నొక్కితే మీరు ఇంకా తెరవనివి వస్తాయి." నొక్కింది. తెర నిండిపోయింది. పై మూడూ ఆమెవే. ఆమె, "కొత్తది కదా సార్, తప్పు చూపిస్తున్నట్టుంది" అని మెల్లగా ఆ ఫిల్టర్ తీసేసి, లేచి వెళ్లిపోయింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఆమె ఆఖరున పంపిన నివేదిక తెరిచాడు. మొదటి పేజీలో ఒకే వాక్యం ఉంది: "నా మొదటి రెండు నివేదికలనూ ఓపిగ్గా చదివి సలహా చెప్పిన సారుకి." ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు గానీ, రెండో పేజీకి వెళ్లడానికి మొహం చెల్లలేదు.