దెబ్బకు లేచే మందు

మా ఆఫీసులో ఒకాయన కంప్యూటర్‌లో వీడియో పెట్టి అందరినీ పిలిచాడు. విదేశంలో ఎవరో సరదాకి తుపాకీ కాలుస్తున్నారు. దూరంగా పెట్టిన డబ్బాకు తూటా తగలగానే అది భళ్లున పేలింది. "తూటా వేడికి అంటుకుంది" అని తేల్చేశాడాయన. కాదన్నాను. అలాంటి పేలుడు మందుకు నిప్పు తగిలితే చాలాసార్లు ఊరికే మండి ఊరుకుంటుంది. తూటా వేగానికి లోపల పుట్టే అదురే దాన్ని లేపుతుంది. ఎంత దెబ్బకు లేస్తుందో, ఎంత దెబ్బకు ఊరుకుంటుందో మన చేతి అంచనాకు అందదు. చెప్పి వచ్చి కూర్చున్నాను గానీ, ఆ పూట నాకు ఒక్క పనీ సాగలేదు.

తొంభైల్లో, నేను పటాన్‌చెరులో పేలుడు మందులు చేసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేదాన్ని. గుమ్మడిదల దగ్గర మా అన్న సేద్యం చేసేవాడు. బావి ఎండిపోతే లోతు చేయించడానికి బండ పేల్చేవాళ్లను పిలిచాడు. వాళ్లు మందు కూరిన రంధ్రాల్లో ఒకటి పేలలేదు. మందు పెట్టే ఆయన దాని మీద ఎర్రగుడ్డ కప్పి, "దీన్ని ఎవ్వరూ ముట్టొద్దు. మిషన్ తెచ్చి పక్కకు ఇంకో బొక్క ఏసి, దాంతోనే దీన్ని లేపుత" అని చెప్పి వెళ్లాడు.

ఎదురుచూడటం మా ఇంటావంటా లేదు. చెరుకు వాడిపోతోంది. మధ్యాహ్నానికి అన్న బిందెతో నీళ్లు తెచ్చి ఆ రంధ్రంలో పోశాడు. అగ్గికి నీళ్లే విరుగుడని అతని లెక్క. చెవి మీది బీడీ కూడా తీసి గట్టున పెట్టి, ఆ బండ తానే పగలగొడతానని గడ్డపార పట్టుకుని దిగాడు. నాకు పైన కాలు నిలవలేదు.

"అన్నా, ఆ మందు నీళ్లల్ల గూడ పేలేటట్టే చేస్తరు. అది దెబ్బకు లేస్తది. పైకి రా."

"నీళ్లు పోసినంక ఇగ ఏం లేస్తది? జెర సప్పుడు చేయకు."

నాకు భయం కన్నా కోపమే ఎక్కువైంది. గబగబా మెట్లు దిగిపోయి ఆ ఎర్రగుడ్డ మీదే కూర్చున్నాను. "ఇప్పుడు కొట్టు" అన్నాను.

అన్న నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను కదల్లేదు. చివరికి విసుగెత్తి గడ్డపార విసిరేయబోయాడు. "ఈడ కాదు" అన్నాను. నా ముఖం చూసి, దాన్ని భుజాన పెట్టుకుని పైకెక్కాడు. అతను గట్టు చేరాకే నేను లేచాను.

సాయంత్రం మిషన్ వచ్చింది. పక్కన రంధ్రం వేసి, అందరినీ దూరం పంపి పేల్చారు. రాళ్లు పశువుల కొట్టం దాకా వచ్చి పడ్డాయి. వెళ్లి తొంగిచూస్తే నేను కూర్చున్న చోట బండ లేదు. అన్న అందులోకి చూసి నా వైపు తిరిగాడు.

"నేనంటే తెల్వక దిగిన. అన్నీ తెలిసి నువ్వెందుకు దిగినవు చెల్లె?"

"నువ్వు పైకి రాలే గదా."