గుంటగలగర కాటుక

గుంటగలగర పువ్వు చొక్కా గుండీ అంత ఉంటుంది. తెల్లగా కాలువ గట్ల బురదలో పూస్తుంది. దాన్ని ఎవరూ తలలో పెట్టుకోరు. ఆ పువ్వు కనపడితే మా తోడికోడలి మీద నేను పడ్డ కుళ్ళు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. నేను ఆ మగ్గాల వీధిలోనే పుట్టి ఆ వీధిలోనే మెట్టాను. ఆమె వడ్డేపల్లి పిల్ల, చేల మధ్య పెరిగింది. మా ఇంట్లో ఏ పిల్ల పుట్టినా కాటుక ఆమే చేసేది. గుంటగలగర ఆకురసంలో నానబెట్టిన బట్టను ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపంలో వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టేది.

నాకు బిడ్డ పుట్టింది. మా అత్త అన్నది, "కాటుక పెద్దకోడలే వెట్టాలె. దాని కాటుక సల్లగుంటది."

నా బిడ్డకు మొదటి కాటుక నేను పెట్టొద్దా? తోడికోడలు నీళ్ళకు పోయిన పూట కాలువ గట్టున పువ్వులు చూసి ఆకు కోసుకొచ్చి నూరాను. మగ్గం మీద మిగిలిన కొత్త గుడ్డముక్క ముంచాను. ఎంత ముంచినా రసం జారిపోయింది. వెలిగిస్తే కమురు వాసన, పళ్ళేనికి బూడిద రంగు పొలుసులు.

గడపలో నిలబడి ఆమె నవ్వింది.

"ఏం చెల్లె, దీపానికి గంజి తాపిస్తున్నవా?"

"నాకు తెల్వదా అక్కా, నేను చేస్త."

"చెయ్యి, ఎవరొద్దన్నరు? నేసేటోళ్ళకు కొత్త బట్టే కనవడుతది. గంజి పోయిన బట్టే రసం తాగుతది."

తన పాత చీర కొంగు చించి నా చేతిలో పెట్టింది. దాంతో మళ్ళీ చేస్తే మసి నల్లగా, మెత్తగా పట్టింది. "నీ బిడ్డ, నీ వేలు," అని పక్కకు జరిగింది. నేనే పెట్టాను.

వీధిలో చూసినవాళ్ళంతా ఒకటే మాట. "కండ్లు ఎంత బాగున్నయి! పెద్దమ్మ చేసిందా కాటుక?"

మరుసటి కాన్పుకు నా సొంత బట్టే ఉండాలనుకున్నాను. నా చీరలేవీ ఇంకా పాతబడలేదు. ఒక చీరను ఎంచుకొని రోజూ అదే కట్టి, అదే ఉతికాను, బండ మీద నీళ్ళు చిందేటట్టు బాదుతూ.

"చీర మీద పగనా?" అని అత్త అడిగింది.

అక్క మాత్రం అడగలేదు. నవ్వింది.