కాకి కోసం మూడు చెరువులు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవైరెండేళ్ళప్పుడు, చావు జరిగిన ఇంట్లో ఎవరికీ నవ్వు రాదని, వస్తే అది పాపమని గట్టిగా నమ్మేదాన్ని. బర్మాలో, యాంగాన్ పేటల్లో ఒకటైన సేక్కాన్‌లో రేవుకి ఎదురుగా, ఓడ సరుకుల కాయితాలు రాసే ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. కొత్తగా ఉద్యోగం వచ్చిన అందరిలాగే నాకూ, లోకంలో నాకు తెలియనిదంటూ ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని అభిప్రాయం. (ఇప్పుడా అభిప్రాయం లేదు. ఉద్యోగం మాత్రం ఉంది.) ఆ ఏడు వానలు ఆగాల్సిన నెలలో కూడా ఆగకుండా కురుస్తుండగా మా తాత పోయాడు. అదే ఊళ్ళో ఇంకో పేట తామ్వేలో మాది నాలుగో అంతస్తు, ఇరుకు మెట్లు. నలుగురు మోయడానికి చోటు లేక ముందొకరూ వెనకొకరూ పట్టుకుని దించుతుంటే, మలుపు దగ్గర నాన్న “మెల్లిగా, మెల్లిగా” అన్నాడు. వెనక నుంచి నాన్నమ్మ, “ఆయనకిప్పుడేటి తొందర” అంది. ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. ఆ నవ్వుకి చాలా రోజులు సిగ్గుపడ్డాను.

తాత తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి ఇదే రేవులో మూటలు మోశాడు. తాత మూటలెత్తే క్రేను నడిపాడు. వారమంతా రేవులో పనిచేసి, ఆదివారం మాత్రం నది దాటి ట్వంటే అనే ఊరికి వెళ్ళేవాడు. అక్కడ వరిచేల మధ్య ఒకదాని నీళ్ళు ఒకదానిలోకి పారే మూడు గొలుసు చెరువులున్నాయి. వాటి మీద గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే, కింద నీళ్ళున్నాయని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. తాత ఆ అల్లిక మీద బల్ల పరిచి, దాని మీద కూర్చుని, కొడవలితో పళ్ళెమంత కంత కోసి అందులోంచి గాలం దించేవాడు. కింది బురదలో పొలుసు లేకుండా, బారెడు మీసాలతో మార్పు చేపలు ఉండేవి. ఊరంతా పొద్దున్నే తినే మొహింగా అనే చేపల పులుసులో ఉడికేది ఆ జాతి చేపే, కాని అది గుంటల్లో మేత వేసి పెంచినది. దాన్ని తాత చేపగానే ఒప్పుకునేవాడు కాదు. కూర్చున్న చోటికి తిండి వస్తే రుచి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన వాదన. (ఈ వాదన మా ఆఫీసు పెద్దగుమాస్తాకి కూడా వర్తిస్తుందని నేననేదాన్ని.)

ఆఖరి నెలల్లో తాత ముందు బాల్కనీలో వాలుకుర్చీకే పరిమితమైపోయాడు. యాంగాన్ కాకుల సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాటికి మనిషంటే భయం లేదు, రోగి అంటే జాలి లేదు. తాత బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్ళేలోపు చేతిలోంచి లాక్కుపోయేవి. నేనొక ఉపాయం చేశాను. ఆయన పాత గొడుగు నల్లగుడ్డ కత్తిరించి, రెక్కలు జారేసి తల వేలాడేసిన చచ్చిన కాకిలా కుట్టి, బాల్కనీ అంచు కింద, వీధి వైపు కట్టాను. ఇంట్లోంచి చూస్తే కనబడదు. కాకులకి మాత్రం కనబడుతుంది. ఆ రోజు నుంచి తాత బిస్కెట్టు టీలో ముంచుకుని తాపీగా తింటూ, ఎందుకో మాత్రం చెప్పకుండా, నా మనవరాలు ఇంజినీరు కావలసింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ తరువాత ఆయన మంచం పట్టాడు, వానలు ముదిరాయి, ఆ గుడ్డకాకి సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను.

తాత పోయిన తొమ్మిదో రోజున ఐసు బాబాయి దిగాడు. ఆయన నాన్న తమ్ముడు, ఓడల్లో పనిచేసేవాడు. ఏదో చలిదేశంలో ఓడ బాగుచేయిస్తూ ఒక చలికాలమంతా ఉండిపోయినప్పుడు, అక్కడి సరస్సులు గడ్డకట్టడం, జనం ఆ ఐసుకి కంత తొలిచి, పీట వేసుకుని కూర్చుని చేపలు పట్టడం చూసొచ్చాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా అదే కథ. ఆ పేరు నేనే పెట్టాను. కిందటి సెలవులో తాత, ఇంక ఓడ ఎక్కొద్దు, ఇక్కడే ఏదో ఒకటి చూసుకో అన్నాడు. బాబాయి కుదరదన్నాడు. మాటా మాటా పెరిగి తాత చివరికి, “నా పిండానికి కూడా రావురా నువ్వు” అన్నాడు. బాబాయి పిండానికి వచ్చాడు. చావుకి రాలేకపోయాడు.

పదోరోజు బాల్కనీ గట్టు మీద అరిటాకు వేసి, అన్నం, గారె, ఉడికించిన గుడ్డు, తాత కాల్చే చుట్ట, బజారు చేప పులుసు పెట్టి, కాకి కోసం నిలబడ్డాం. వీధికి అవతల కరెంటు తీగ మీద ముప్ఫై కాకులు వరసగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. ఒక్కటీ రాలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలితే కాకి ముట్టదంటారు కదా, ఒక్కొక్కరూ తాతకి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. నాన్న వంటింట్లో కారే కప్పు బాగుచేయిస్తానన్నాడు. మేనత్త ఎదురింటావిడతో మళ్ళీ మాట్లాడతానంది. నేను మూఢనమ్మకాలకి అతీతురాలిని కనుక మనసులోనే, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం మానేస్తానన్నాను. కాకులు అవన్నీ విని రెక్కలు దులుపుకున్నాయి. గంట గడిచింది. చినుకుల్లో అన్నం చివికిపోయింది. బాబాయి మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. గోడకి ఆనుకుని, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, “నామీదే కోపం. అన్నాడు గాన” అన్నాడు. ఆరడుగుల మనిషి, సముద్రాలు దాటినవాడు, అలా అంటుంటే నాకు అతని ముఖం చూడాలనిపించలేదు.

నాన్నమ్మ ఆకు మడిచి లోపలికి తెచ్చేసింది. “బజారు సేప ఆయన ఎప్పుడు తిన్నాడని? ఎల్లుండి పెద్ద దినం. ఆ సెరువుల్లో సేప తే, ముట్టకపోతే అప్పుడు సూద్దుం” అంది బాబాయితో. కర్మ చేస్తున్న నాన్న చేపని చంపకూడదు. ఆఫీసులో నాకింకా సెలవుంది. పైగా బాబాయి నన్ను ఎగాదిగా చూసి, పలచగా ఉన్నాను కాబట్టి పనికొస్తానన్నాడు. దేనికని అడగవలసింది. అన్నీ తెలిసినదాన్ని కనుక అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నది అవతలి డలాకి పడవ ఎక్కాం, అక్కడి నుంచి మూడు చక్రాల బండిలో ట్వంటే. బాబాయి సంచిలో గాలం, వానపాముల డబ్బా, ముక్కాలిపీట, ఇంకా మా దేవుడి మూల నుంచి తెచ్చిన చిన్న గంట ఉన్నాయి. చేప కొరికితే గంట మోగాలట, ఐసు మీద అలాగే చేస్తారట. (ఆ పూట నాన్నమ్మ గంట కోసం ఇల్లంతా వెతికి, చివరికి చెంచాతో పళ్ళెం మీద కొట్టి దీపం పెట్టిందట.) చెరువుల దగ్గర కాపలా ఉండే బర్మా పెద్దాయన్ని మేం ఊలే అని పిలిచేవాళ్ళం, ఆ భాషలో చిన్నాన్నని పిలిచే పిలుపది. తాత పోయాడని చెబితే ఆయన గుడిసె కిందినుంచి తాత బల్ల తీసి, వాన పడుతుండగానే, రెండుసార్లు కడిగి మాకిచ్చాడు.

అప్పుడు తెలిసింది నేను దేనికి పనికొస్తానో. ఐసు పలచగా ఉందేమో చూడడానికి తేలికైనవాళ్ళని ముందు నడిపిస్తారట. అడుగు వేసి, పగులుతున్న చప్పుడు వస్తుందేమో వినమన్నాడు. గుర్రపుడెక్క పగలదు బాబాయి, అదొక మొక్క అన్నాను. అన్నిటికీ ఒకటే సూత్రం అన్నాడు. మొదటి చెరువులో రెండు గంటలు కూర్చుంటే గంట ఒక్కసారి మోగింది, కప్ప పడింది. రెండో చెరువులో చోటు మారుస్తుండగా బల్ల అంచు మీద కాలు జారి నేను కిందికి దిగబడిపోయాను. బాబాయి బల్ల మీదినుంచి, “నిలబడకు, పడుకో, దొర్లు” అని కేకలు పెట్టాడు. అది ఐసులో పడ్డవాళ్ళకి చెప్పే మాట. అన్నీ తెలిసిన నేను ఆ క్షణంలో మాత్రం పెద్దవాళ్ళ మాట విని, బోర్లా పడుకుని దొర్లాను. నోట్లోకి బురద, ముక్కులోకి నాచు పోయాయి. గట్టు మీద ఊలే కాసేపు చూసి, అక్కడ నడుము లోతే కదా, ఆ పిల్ల ఎందుకు పడుకుంది అని బర్మా భాషలో అడిగాడు. లేచి నిలబడ్డాను. నిజమే, నడుము లోతే. మూడు చెరువుల నీళ్ళు తాగించడం అంటారు చూశారా, నా వంతు రెండో చెరువుతోనే తీరిపోయింది. బాబాయి నవ్వాడు. ఊరు దిగాక అదే మొదటిసారి నవ్వడం. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆయన మధ్యలో ఆపేసి, మూడో చెరువు వైపు నడిచాడు.

మూడో చెరువు దగ్గర వాన ఎక్కువైంది. బాబాయి బల్ల మీద, నేను పీట మీద, మధ్యలో నల్లటి కంత. నాకు చలేస్తోంది, ఒళ్ళంతా దురద, పైగా ఇదంతా ఒక కాకి కోసం. ఏదో ఒకటి అనాలని, చలిదేశంలో నువ్వెన్ని చేపలు పట్టావు బాబాయి అని ఎత్తిపొడిచాను. ఆయన కంతలోకి చూస్తూనే చెప్పాడు.

“ఒక్కటీ నేదమ్మా. పట్టడానికి కూకోనేదు. ఓడ మీద నుంచి సూస్తే దూరంగా కంత కాడ కూకున్న పెతీవోడూ మా అయ్యలాగే ఉన్నాడు. రోజూ ఎల్లి ఎవుడో ఒకడి పక్కన కూకునీవోడిని.”

కిందటి సెలవులో తాత ఈ చెరువులకి రమ్మని మూడు ఆదివారాలు పిలిచాడట. పనులున్నాయని ఒక్క ఆదివారమూ రాలేదట. అంత దూరం వెళ్ళి ఎవరెవరి పక్కనో కూర్చున్నవాడిని ఇక్కడికి రాలేకపోయాను అన్నాడు. నేను పీట ఆయన వైపు కొంచెం జరుపుకున్నాను. సాయంత్రం నాలుగింటికి గంట మోగింది. మూరెడు మార్పు చేప, నల్లగా, మీసాలాడిస్తూ పైకి వచ్చింది. గాలం తీస్తుంటే దాని పక్కముల్లు బాబాయి అరచేతిలో దిగింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ముల్లు బాగా లోపలికి దిగిందమ్మా అన్నాడు. అవును, చాలా లోపలికి దిగింది అన్నాను.

చీకటిపడే వేళకి మా వీధిలోకి వచ్చాం. చేప ఇంకా బతికే ఉంది, బాబాయి బకెట్టు తొణకకుండా చూసుకుంటూ వంగి నడుస్తున్నాడు. నేను అలవాటుగా మా బాల్కనీ వైపు తల ఎత్తాను. అంచు కింద నా గుడ్డకాకి, వానకి తడిసి మరింత చచ్చినదానిలా వేలాడుతోంది. తాతకి కోపమూ లేదు, చేప మీద కోరికా లేదు. ఇంజినీరు కావలసిన మనవరాలి పనితనమే ఇదంతా. నోరు తెరిచాను కూడా. చెబితే ఒక్కమాటలో తేలిపోతుంది. కాని ఆ బకెట్టుని చూస్తూ నడుస్తున్న మనిషి అప్పుడే మొదటిసారి కాస్త నిబ్బరంగా ఉన్నాడు. నోరు మూసుకున్నాను. మర్నాడు అందరూ లేవకముందే కత్తెరతో తాడు కోసి, గుడ్డకాకిని నా ఆఫీసు సంచిలో దాచేశాను.

పెద్ద దినం నాడు ఆకు వేసి పులుసు వడ్డించి, నాన్న ఇంకా దండం పెట్టుకోనైనా లేదు, కాకి వచ్చి వాలింది. ఒకటి కాదు, మూడు. మొదటిది సరాసరి చేప తల ఎత్తుకుపోయింది. బాబాయి కట్టు కట్టిన చేత్తో కమ్మీ పట్టుకుని, “ఒచ్చినాడు” అన్నాడు. అంతే. తరువాత కూర్చుని, వచ్చాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

ఆయన మళ్ళీ ఓడ ఎక్కిన వారానికి, నాన్నమ్మ బట్టలు మడతపెడుతూ తల ఎత్తకుండా నన్నడిగింది. “ఒసే గుంటా, ఆ గొడుగుగుడ్డ కాకిని ఏటి సేసినావు?”

నీకెప్పుడు తెలుసని అడిగాను. పదోరోజు పొద్దున్నే బాల్కనీ కడిగింది తనేనని, వంగి తుడిచినవాళ్ళకి కనబడదా అని అంది. మరి ఎందుకు తీసెయ్యలేదని అడిగాను.

“తీసీస్తే కాకి ఒచ్చీసును. ఆడు కళ్ళు తుడుసుకుని ఓడెక్కీసును. ఆళ్ళయ్య కూకున్న కాడ ఒకపాలి కూకోవాల కదేటి.”

బాబాయికి చెప్పానా అని అడిగింది. లేదన్నాను. చెప్పకు అని మడత పూర్తిచేసింది. లోకంలో నాకు తెలియనిది లేదనుకున్న రోజులు ఆ మధ్యాహ్నంతో సరి.

నాన్నమ్మ పోయి నాలుగేళ్ళయింది. అప్పుడు కాకి పిలవగానే వచ్చింది, ఆ పొద్దున్న బాల్కనీ అంచు నేనే ఒంగి రెండుసార్లు తుడిచాను మరి. ఓడ ఉద్యోగం మానేసిన బాబాయి ఇప్పుడు మా పక్కవీధిలోనే ఉంటాడు, వీలైన ఆదివారాలు మేమిద్దరం ట్వంటే వెళ్తాం. నేను అడుగు పెడితే ఇప్పుడు తాత బల్ల సగం మునుగుతుంది, అందుకని ఐసు సూత్రం ప్రకారం బాబాయే ముందు నడుస్తాడు. కంత పక్కన కూర్చున్నాక ఎప్పుడో ఒకసారి ఆ మాట ఎత్తుతాడు, ఎవరు పిలిచినా రాని అయ్య ఒక్క చేపకి ఎలా వచ్చాడో చూశావా అని. నా బీరువా అడుగున గుడ్డకాకి ఇంకా ఉంది, చెప్పేద్దామని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. మాట్లాడకు బాబాయి, చేపలు వింటాయి అంటాను. ఆయన నిజమేనని తల ఊపి, కంత వైపు కొంచెం జరిగి, నాకు పక్కన చోటిస్తాడు.